రావద్దు అన్న మాట

మధ్యాహ్నం కరెంటు పోయింది. వీధిలోని మరమగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

సిరిసిల్లలో మగ్గాల చప్పుడు ఆగితే చెవుల్లో ఏదో తక్కువైనట్టు ఉంటుంది. ఈ మధ్య అది రోజూ ఉన్నదే. తెలంగాణ కోసం అందరూ సమ్మెలో ఉన్నారు. గనుల్లో బొగ్గు తీసేవాళ్ళు పనిలోకి దిగడం లేదు. బొగ్గు లేక కరెంటు సరిగ్గా రావడం లేదు. బస్సులు డిపో దాటడం లేదు. బడికి తాళం పడింది.

ఏడో తరగతి చదివే వందన గడప మీద కూర్చుని చేతిలో ఉన్న చిన్న డిక్షనరీ చదువుతోంది. అది ఇంగ్లిషు చెప్పే రాజేశం సార్ ఇచ్చింది. బడి మూసే ముందు రోజు సార్ ఒక మాట చెప్పాడు.

"సమ్మె అయినంక జగిత్యాలల ఇంగ్లిష్ మాటల పోటీ పెడ్తరట. ఎవరికి ఎక్కువ మాటలస్తే వాళ్ళను తీస్కపోత."

అప్పటి నుంచి వందన పెద్ద పెద్ద మాటలు వెతికి బట్టీ పడుతోంది. చిన్న మాటలంటే ఆమెకు చిన్నచూపు. 'బిగ్' అని ఎవరైనా అంటే 'ఎనార్మస్' అని దిద్దుతుంది. పక్కింటి పిల్లలు ఆమెతో ఆడుకోవడమే తగ్గించారు.

"ఓ వందనా, గా పుస్తకం పక్కకు పెట్టు. మీ బాపుకు మెసేజ్ కొట్టాలె," లోపల నుంచి అమ్మ పిలిచింది.

అమ్మ పేరు పుష్ప. ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కన మంచం మీద బాపమ్మ సత్యవ్వ పడుకుని ఉంది. బాపమ్మ అంటే వందన వాళ్ళ బాపుకు అమ్మ. పొద్దున బోరింగు దగ్గర నాచు మీద కాలు జారి పడింది. మడమ వాచింది. డాక్టర్ వచ్చి కట్టు కట్టాడు. ఎముక విరగలేదు, కొన్నాళ్ళు నడవొద్దు అని చెప్పి వెళ్ళాడు.

వందన వాళ్ళ బాపు మనోహర్ ఇక్కడ పని తగ్గిపోయి పొరుగు రాష్ట్రంలోని భివండికి పోయాడు. అక్కడా మగ్గాల పనే. మగ్గాల చప్పుడులో ఫోన్ మోగినా వినపడదు. అందుకే ఏదైనా చెప్పాలంటే మెసేజ్ పెడతారు. బాపు ఫోన్‌లో తెలుగు అక్షరాలు కనపడవు. తెలుగు మాటలనే ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే, బాపు కూడబలుక్కుని చదువుకుంటాడు.

"ఏమని రాయాలె?" అడిగింది వందన.

"అవ్వ కాలు జారి పడ్డది. కాలు బెణికింది, నడుచుడు కష్టమైతుంది. డాక్టర్ చూసిండు. నువ్వు రంది పడకు, రావద్దు. గిట్ల రాయి."

"గంత పొడుగా?"

"పొడుగైతేంది? చెప్పాల్సింది చెప్పాలె గద. నాకు తల నొస్తంది, నువ్వు జెప్పన కొట్టు."

వందన ఫోన్ తీసుకుంది. పెద్ద మాటలు వాడడానికి ఇంత మంచి అవకాశం మళ్ళీ రాదనిపించింది. డిక్షనరీ తిరగేసింది. 'కష్టమైన' అన్న అర్థానికి ఒక పెద్ద మాట దొరికింది. 'క్రిటికల్.' ఆ మాట కింద ఇంకా చాలా అర్థాలు ఉన్నాయి. కానీ తనకు కావలసింది దొరికాక మిగతావి ఎందుకు చదవడం? 'రంది' అంటే దిగులు కదా, దానికి 'లామెంట్' దొరికింది. అది ఇంకా అందంగా ఉంది.

'రావద్దు'కు మాత్రం పెద్ద మాట ఏదీ దొరకలేదు. 'డోంట్ కమ్' అని ఒకటో తరగతి పిల్లలు కూడా రాస్తారు. దాన్ని వదిలేసింది.

'గ్రాండ్‌మదర్ ఫెల్ డౌన్. కండిషన్ క్రిటికల్. డోంట్ లామెంట్.'

చదువుకుంటే తనకే ముచ్చటేసింది. నొక్కి పంపేసింది.

"కొట్టినవా?" అడిగింది అమ్మ.

"కొట్టిన."

సాయంత్రానికి ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. మళ్ళీ పెట్టుకోవడానికి కరెంటు లేదు. రాత్రి ఎప్పుడో వచ్చి పోయిందని ఎవరో అన్నారు. బాపమ్మ కాలికి కాపడం పెడుతూనే అమ్మ కూర్చున్న చోట నిద్రపోయింది. ఫోన్ సంగతి ఎవరికీ గుర్తు లేదు.

మరుసటి రోజు కూడా అలాగే గడిచింది. ఎండ, ఉక్కపోత, చప్పుడు లేని వీధి. దూరంగా అంబేద్కర్ చౌరస్తా వైపు నుంచి మైకులో నినాదాలు. మొదటి రోజుల్లో ఆ గొంతులు ఖంగున మోగేవి. ఇప్పుడు బొంగురుపోయాయి. అయినా ఆగడం లేదు.

పొద్దుగూకే వేళ వందన బిందె తీసుకుని నీళ్ళకు బయలుదేరింది. వీధి మలుపు దగ్గర కరెంటు స్తంభానికి ఆనుకుని ఎవరో నిలబడి ఉన్నారు. చేతిలో సంచి. చెప్పు తెగిందేమో, ఒక కాలికి చెప్పు లేదు. ఆ మనిషి వాళ్ళ ఇంటి వైపే చూస్తున్నాడు. కానీ అడుగు ముందుకు వేయడం లేదు.

వందన రెండడుగులు వేసి ఆగిపోయింది.

"బాపూ!"

బాపు ఆమెను చూశాడు. దుమ్ముతో ముఖం బూడిద రంగుగా ఉంది. చేతిలోని సంచి కింద పెట్టి అడిగాడు.

"అవ్వ... అవ్వ ఉన్నదా బిడ్డా?"

"ఉన్నది. చిక్కుడుకాయలు తుంచుతంది," అంది వందన, అయోమయంగా.

బాపు స్తంభం పట్టుకుని అలాగే కిందికి జారి, మట్టిలో కూర్చుండిపోయాడు. రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. బాపు ఏడవడం వందన ఎప్పుడూ చూడలేదు. ఏం చేయాలో తెలియక బిందె పట్టుకుని పక్కనే నిలబడింది.

ఇంట్లోకి రాగానే బాపు నేరుగా మంచం దగ్గరకు పోయాడు. బాపమ్మ చేతులు, ముఖం తడిమి చూశాడు.

"ఏందిరా, గిట్లచ్చినవ్? పండుగకు ఇంకా దినాలున్నయి గద," అంది బాపమ్మ.

అమ్మ చాట పక్కన పెట్టి లేచింది. "రావద్దని చెప్పిన గదయ్యా! మెసేజ్ అందలేదా?"

"అందింది." బాపు నేల మీద కూలబడ్డాడు. "నాకు సమజ్ కాలేదు. సేటు దగ్గర లెక్కలు రాసే మునీంకు చూపించిన. ఆయన చదివి నన్ను కూసోమన్నడు. ప్రాణం మీదికి వచ్చిందట, ఏడవద్దని రాసిండ్రు, జల్ది పో అన్నడు. ఇంటికి ఫోన్ చేస్తే బంద్. ఎన్నిసార్లు చేసినా బంద్. ఇగ అయిపోయిందనుకున్న."

అమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. బాపు తాగి మళ్ళీ అందుకున్నాడు.

"మగ్గాలు నడుస్తుంటెనే ఇడిసిపెట్టి రైలెక్కిన. రైల్ల ఒకాయన నా మొఖం చూసి సీటిచ్చిండు. తినమని రొట్టె ఇచ్చిండు. చేతుల పట్టుకున్న గని నోట్లె పెట్టబుద్ధి కాలే. కామారెడ్డిల దిగితే బస్సుల్లేవు. ఎల్లారెడ్డిపేట దాకా లారీ దొరికింది. ఆడికెంచి నడిచిన."

"మరి ఇంటి దాకా వచ్చి ఆడనే నిలబడ్డవేంది?" మెల్లగా అడిగింది వందన.

బాపు ఆమె వైపు చూడలేదు. "ఇంటి ముంగట జనం ఉన్నరేమోనని చూసిన బిడ్డా. రానీకి కాళ్ళు రాలే."

అమ్మ వందన వైపు తిరిగింది. "నేను చెప్పిందేంది? నువ్వు రాసిందేంది?"

వందన చెప్పింది. ఒక్కో మాట చెబుతుంటే గొంతు చిన్నదైపోయింది. 'రావద్దు' అన్నది వదిలేశానని చెప్పేటప్పటికి అసలు వినపడలేదు. అమ్మ చెయ్యి లేపింది. బాపు ఆపాడు.

"ఊకో పుష్పా. కొట్టకు." ఆయన వందనను దగ్గరకు పిలిచాడు. "రాసేటప్పుడు ఎవరికి రాస్తున్న అనుకున్నవ్?"

"నీకే, బాపూ."

"నాకు గా మాటలు రావు గద, బిడ్డా."

ఆయన గొంతులో కోపం లేదు. అలసట మాత్రమే ఉంది. కోప్పడితే బాగుండేదని వందనకు అనిపించింది.

ఆమె పొయ్యి మీద నీళ్ళు కాచింది. ఉప్పు వేసి తెచ్చి బాపు కాళ్ళ దగ్గర పెట్టింది. చెప్పు లేని కాలి అరికాలంతా బొబ్బలే. ఆయన కాళ్ళు నీళ్ళలో పెట్టి, గోడకు ఒరిగి, అలాగే నిద్రపోయాడు. కంచంలో అన్నం చల్లారిపోయింది.

పొద్దున వందన డిక్షనరీ తెరిచింది. 'క్రిటికల్' కింద ఉన్నవన్నీ ఈసారి చివరిదాకా చదివింది. 'ప్రాణాపాయ స్థితిలో ఉన్న.' 'లామెంట్' కూడా చూసింది. 'పోయినవారి కోసం ఏడ్చు.' పుస్తకం మూసి, చౌరస్తాకు పోయింది.

సమ్మె శిబిరంలో రాజేశం సార్ చాప మీద కూర్చుని ఉన్నాడు. మెడలో గులాబీ కండువా. గడ్డం పెరిగింది. నినాదాలు ఇచ్చీ ఇచ్చీ గొంతు బొంగురుపోయింది. వందన జరిగిందంతా చెప్పింది. సార్ మధ్యలో ఆపకుండా విన్నాడు.

"నేను పోటీకి రాను సార్. ఇగో మీ పుస్తకం."

సార్ పుస్తకం తీసుకోలేదు. జరిగి చాప మీద ఆమెకు చోటిచ్చాడు.

"నిన్న నేను మైకుల చాలాసేపు మాట్లాడిన. రాజ్యాంగం, అధికరణం, తీర్మానం... గిట్లాంటివన్ని చెప్పిన. దిగినంక ముంగట కూసున్న ముసలవ్వ ఏమడిగిందో ఎరికేనా? 'అన్ని మంచిగనే చెప్పినవ్ సారూ, గని మా మగ్గాలకు కరెంటు ఎప్పుడస్తది?' అన్నది."

"మీరేం చెప్పిండ్రు?"

"ఏం చెప్తా? ఆమె పక్కకు కూసుండి, మళ్ళ మొదటి నుంచి చెప్పిన. ఆమెకు సమజయ్యేటట్టు." సార్ కళ్ళు నలుముకున్నాడు. "నా తప్పు కూడా ఉన్నది, వందనా. మాటలు నేర్వుమన్న గని, ఎవరి దగ్గర ఏది వాడాలెనో చెప్పలే. పుస్తకం నీ దగ్గరనే ఉండనీ."

వందన పుస్తకం తీసుకుని ఇంటికొచ్చింది. ఆ రోజు నుంచి ఒక కొత్త మాట చూస్తే దాన్ని ముందు బాపమ్మకు తెలుగులో చెప్పేది. బాపమ్మ మంచం మీద పడుకునే వినేది. అర్థం కాకపోతే మొహమాటపడేది కాదు.

"ఏందో చెప్తున్నవ్. నాకేం తెలుస్తలేదు. ఇంకో తీరుగ చెప్పు."

వందన ఇంకో తీరుగా చెప్పేది. ఒక్కోసారి ఒక్క మాటకే పొద్దంతా పట్టేది. బట్టీ పట్టడం కంటే ఇది చాలా కష్టంగా ఉంది.

భివండిలో బాపు నడిపే మగ్గాలను సేటు ఇంకొకరికి ఇచ్చేశాడని కబురు వచ్చింది. "పోయినంక చూద్దాం తీ, ఏదో ఒకటి దొరుకుతది," అన్నాడు బాపు. ఆ రాత్రి ఆయన సరిగ్గా తినలేదు. వందన అది గమనించింది. బాపమ్మ గోడ పట్టుకుని నాలుగడుగులు వేసిన రోజు, ఆయన ఒక లారీలో కామారెడ్డికి బయలుదేరాడు.

బాపు చేరానని చెప్పిన రోజు, పక్కింటి నాగవ్వ వచ్చింది. ఆమె కొడుకు నర్సన్న కూడా భివండిలోనే ఉన్నాడు.

"ఓ బిడ్డా, మా నర్సన్నకు జర మెసేజ్ కొడ్తవా? నా కండ్లు మంచిగ లేవని చెప్పు."

వందన ఫోన్ చేతిలోకి తీసుకుంది. కానీ వెంటనే రాయలేదు.

"కండ్లకు ఏమైంది పెద్దమ్మా? కనపడ్తలేవా?"

"కనపడ్తున్నయి. ఎర్రగై నీళ్ళు కారుతున్నయంతే. డాక్టర్ చుక్కల మందిచ్చిండు."

"మరి నర్సన్న రావాలెనా, వద్దా?"

"అయ్యో, వద్దు వద్దు! పని ఇడిసిపెట్టి ఎందుకచ్చుడు?"

వందన మెల్లగా, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు మాటలే రాసింది. 'రావద్దు' అన్నది అన్నిటికంటే ముందు పెట్టింది. రాశాక పైకి చదివింది.

"నర్సన్నా, నువ్వు రావద్దు. అమ్మ మంచిగనే ఉన్నది. కండ్లు ఎర్రగై నీళ్ళు కారుతున్నయి, అంతే. కనపడ్తున్నయి. డాక్టర్ మందిచ్చిండు. గిదేనా పెద్దమ్మా నువ్వు చెప్పింది?"

"గిదే, గిదే. అన్నం తిన్నడా అని కూడా అడుగు."

వందన అది కూడా రాసింది. పంపబోయి ఆగింది. ఫోన్ తెర వైపు చూసింది. చార్జింగ్ కొంచెమే ఉంది. బయట మగ్గాలు ఆగి ఉన్నాయి.

ఇంకో మాట చేర్చింది. 'ఈ ఫోన్ బంద్ అయితే భయపడకు. మా దగ్గర కరెంటు లేదు.'

అప్పుడు పంపింది.

నాగవ్వ గడప మీదే కూర్చుంది. ఇద్దరూ ఫోన్ వైపు చూస్తూ ఉన్నారు. చాలాసేపటికి జవాబు వచ్చింది. వందన చదివింది.

"సరే అవ్వా. తిన్న."

నాగవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఇంకోసారి చదువు బిడ్డా," అంది.