ఆపరేషన్ తల్లిమొక్క

ఉదయం తొమ్మిదింబావు. నాచారం చౌరస్తా దాటి మల్లాపూర్ వైపు సైకిల్ మీద పోతున్న పోశయ్యను నంబర్ ప్లేటు లేని నీళ్ళ ట్యాంకర్ గుద్ది, ఆగకుండా వెళ్ళిపోయింది. జనం పోగయ్యేసరికే ప్రాణం పోయింది. ఊరందరికీ అతనొక ల్యాబ్‌లో పంపు ఆపరేటర్. ఏజెంట్ శాంసన్‌కు మాత్రం ఆరు నెలలుగా ఇన్ఫార్మర్. చావుకు నాలుగు నిమిషాల ముందు అతను పంపిన మెసేజ్‌లో రెండే మాటలు: "పదకొండు. ట్యాంకర్."

పది గంటలకు ఉప్పల్‌లో, మిక్సీలు రిపేర్ చేసే కొట్టు పై గదిలో, శాంసన్ తన చీఫ్ రామ్మోహనరావు ఎదుట నిలబడ్డాడు.

"ఏడుపు తర్వాత. బ్లూబెర్రీ కన్సార్షియం గురించి చెప్పు," అన్నాడు చీఫ్.

"అరవై రెండు మంది రైతులు, మూడు కంపెనీలు కలిసిన్రు సార్. మన ఎండకు ఆగే రకం తయారు చేసిన్రు. దాని తల్లిమొక్కలు నాలుగు వందలు నాచారం ల్యాబ్ షెడ్డులో ఉన్నయి."

"అవి చస్తే?"

"ఏడేండ్ల కష్టం మట్టిపాలు. ప్రతి మొక్కకూ రైతులు మొక్కలమ్మే విదేశీ కంపెనీ కాళ్ళు పట్టుకోవాలె."

"ఆ కంపెనీ పెంచి పోషిస్తున్న దొంగల రింగే పోశయ్యను చంపింది. లోపల వాళ్ళ మనిషి ఉన్నాడు. కోడ్‌నేమ్ నేరేడు. మన ఫెబా కూడా లోపలే ఉంది, నీ కాంటాక్ట్ ఆమే." చీఫ్ నీళ్ళ పీహెచ్ కొలిచే పెన్ను ఒకటి అందించాడు. "మూత తీసి నీళ్ళలో ముంచు. బ్లూబెర్రీకి పుల్లటి నీళ్ళు కావాలి. ఐదు చూపిస్తే మొక్కకు పండగ. పది దాటితే పాడె కట్టుకోవడమే. పదకొండు గంటలకు మొక్కలకు డ్రిప్ నీళ్ళు తెరుచుకుంటాయి. కదులు!"

పంపు మెకానిక్ ఖాకీ చొక్కాలో శాంసన్ ల్యాబ్ చేరేసరికి పది నలభై ఐదు. షెడ్డు గుమ్మంలో ఫెబా. నల్ల కళ్ళద్దాలు, నెమలికంఠం రంగు చీర, ఆ బురదలోనూ ఎత్తు మడమల చెప్పులు. ఈ రకాన్ని పుట్టించిన సైంటిస్టు ఆమే. శాంసన్‌తో కలిసి ఒకే చర్చిలో పాటలు పాడి పెరిగిన పిల్ల.

"నీళ్ళు ఉప్పగున్నయా?" కోడ్ అడిగాడు.

"చెరువు దాక పోయి చూసి రా," కోడ్ సరిగ్గానే చెప్పింది. "ఫికర్ జేయకు శాంసన్. ట్యాంకర్ ఇంకా రాలే. గేటు కాడ మనుషులను పెట్టిన. నీళ్ళ టెస్టు కూడా అయింది, సూడు."

రిజిస్టర్‌లో ఈ రోజు తేదీ ఎదుట రెండు సంతకాలున్నాయి. రైతుల తరఫున కొమురెల్లి, కంపెనీల తరఫున ధీరజ్. ఇద్దరూ అక్కడే ఉన్నారు.

"అన్నా, నీళ్ళు నువ్వే చూసినవా?" శాంసన్ కొమురెల్లిని అడిగాడు.

"నాకేం తెలుస్తది బిడ్డా! కంపెనీ సారు సంతకం ఉంటది గదా అని పెట్టిన."

ధీరజ్ తల గోక్కున్నాడు. "యాక్చువల్లీ, నేను ముందే సైన్ చేసి వెళ్తాను. ఎలాగూ రైతు చెక్ చేస్తారు కదా అని..."

శాంసన్‌కు ఒళ్ళు మండిపోయింది. మంది ఎక్కువైతే మజ్జిగ పలుచన అని ఊరికే అన్నారా! ఏడేళ్ళుగా ఇద్దరి సంతకాలూ తప్పకుండా పడ్డాయి. అసలు నీళ్ళు చూసింది పోశయ్య ఒక్కడే. అతని సంతకానికి అందులో గడే లేదు.

"ట్యాంకర్ రాలేదా?"

"రాకపోవుడేంది? తొమ్మిదిన్నరకే వచ్చి పోయింది. ఫెబమ్మే దగ్గరుండి నింపిచ్చింది," అన్నాడు కొమురెల్లి.

శాంసన్ తొట్టి దగ్గరికి పరుగెత్తి పెన్ను ముంచాడు. పన్నెండు. అచ్చంగా కాస్టిక్ సోడా. గోడ మీది టైమర్ పది యాభై ఎనిమిది చూపిస్తోంది. వెనక్కి తిరిగేసరికి ఫెబా చేతిలో చిన్న పిస్టల్.

"నేరేడు నువ్వేనా? కంచే చేను మేసిందా ఫెబా!"

"పెంచినదాన్ని నేను. చంపే హక్కు కూడా నాదే." ఆమె పిస్టల్ పైకెత్తింది. "పేటెంట్ మీద ఎవరి పేరుందో ఎరికేనా? మూడు కంపెనీల ఎండీలది. రైతులకు చెప్తే, మాకు మొక్కలొస్తే చాలన్నరు. నా పేరు ఎక్కడ పోయిందని ఒక్కడు అడిగిండా? ఆ విదేశీ కంపెనోళ్ళు నా పేరు పెడతమన్నరు. ఒక ట్రే మొక్కలు ఆల్రెడీ పంపిన. ఇక్కడియి ఉండొద్దు."

"మరి పోశయ్య ఏం జేసిండు నీకు?"

ఫెబా చూపు ఒక్క క్షణం కిందికి వాలింది. ఆ క్షణం చాలు. శాంసన్ ఆమె మణికట్టు మీద కొట్టాడు. గుండు పైకప్పు రేకుల్లోకి దూసుకుపోయింది.

"అన్నా! పైపు పీకు!" అరిచాడు.

టైమర్ టిక్కుమంది. మోటారు హోరెత్తింది. కొమురెల్లి పరుగెత్తాడు. ఫిల్టర్ దగ్గర మెయిన్ పైపును రెండు చేతులా పట్టి పీకేశాడు. మొదటి కుండీకి మూరెడు దూరంలో నీళ్ళు అతని చేతుల మీదుగా నేలపాలయ్యాయి. చర్మం కాలుతున్నా, ధీరజ్ వెళ్ళి స్విచ్ ఆపేదాకా ఆ ముసలాయన పైపు వదల్లేదు. నాలుగు వందల మొక్కలూ బతికాయి.

పోలీసు జీపు ఎక్కుతూ ఫెబా శాంసన్ వైపు చూసింది. "ఎవరి కోసం కాపాడినవో పది రోజుల్లో తెలుస్తది," అంది.

పదో రోజున ఉప్పల్‌లోని ఒక ఫంక్షన్ హాల్లో స్టేజీ కట్టారు. కన్సార్షియానికీ, అదే విదేశీ కంపెనీకీ టెక్నికల్ సహకార ఒప్పందం. తల్లిమొక్కల మీద హక్కులు ముప్పై ఏళ్ళపాటు వాళ్ళకు. రింగుతో తమకు సంబంధం లేదని వాళ్ళొక కాగితం రాసిచ్చారట. ఎండీలు ముగ్గురూ నమ్మేశారట. రైతుల తరఫున ఎవరో సంతకం పెట్టారు. కొమురెల్లిని మాత్రం అడగలేదు, రెండు చేతులకూ కట్లున్నాయని. ఆయనకు శాలువా కప్పి ఫోటో తీశారు. పోశయ్య పేరు ఎవరి నోటా రాలేదు.

గేటు దగ్గర సెక్యూరిటీ డ్యూటీ శాంసన్‌దే. చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

చీఫ్ పక్కకు వచ్చి, మొహం చూడకుండా అన్నాడు. "జాగ్రత్త. దొంగలెవరూ లోపలికి రాకుండా చూడు."

"మరి లోపలున్నోళ్ళు బయటికి పోతుంటే ఏం జేయాలె సార్?"

"కారు డోర్ తీసి, సలాం కొట్టు."