తంబురా పట్టిన త్రిపుర

"అంత గట్టిగా పట్టుకుంటే ఆ తంబురాకి ఊపిరాడదండీ."

త్రిపురసుందరి ఉలిక్కిపడి తలెత్తింది. కాలేజీ వరండాలో స్తంభానికి ఆనుకుని ఒక కుర్రాడు నవ్వుతున్నాడు. మెడలో చిన్న డోలులాంటి డక్కీ వేలాడుతోంది. పేరు పిచ్చేశ్వరరావు, అవనిగడ్డ దగ్గర పల్లెటూరు, బీకాం రెండో సంవత్సరం. ఈ సంగతులేవీ ఆమె అడగలేదు. అతనే చెప్పాడు.

"మీ పని మీరు చూసుకోండి" అంది విసురుగా.

"నా పనే అదండీ. ఇవాళ బుర్రకథ సెలెక్షన్‌లో ఎవరు కథ చెప్పినా పక్కన హాస్యం వంత నేనే."

అసలే ఉన్న భయం చాలదన్నట్టు ఇదొకటి! కిందటేడు, డెబ్భై ఏడులో, ఇదే సెలెక్షన్‌కి స్టేజీ ఎక్కి, నోరు తెరిచి, ఒక్క ముక్క రాక దిగి పారిపోయింది. బందరు కాలేజీ అంతా చాలా రోజులు ఆ ముచ్చటే చెప్పుకుంది. అయినా బుర్రకథ మీద ఆశ చావలేదు. సెలవుల్లో గుడివాడ వెళ్లి వంటింట్లో గిన్నెలకు కథ చెప్పింది, పెరట్లో గేదెకు చెప్పింది. అవి నవ్వవు కదా మరి. ఈసారీ నోరు పెగలకపోతే ఇక జన్మలో తంబురా ముట్టనని ఒట్టు పెట్టుకుని వచ్చింది.

బయట వాన దంచుతోంది. లోపల హాలు కిటకిటలాడుతోంది. కథ రాసిన ఆనందరావు మాస్టారు ముందు వరుసలో కూర్చున్నారు.

త్రిపుర స్టేజీ ఎక్కగానే "తందానా తానా" అంటూ వంతలిద్దరూ అందుకున్నారు. పాలకాయతిప్ప నుంచి చేపల వేటకెళ్లి తిరిగిరాని తండ్రిని వెతుక్కుంటూ కూతురు సముద్రం మీదికి బయల్దేరే ఘట్టం అది.

"పడవెక్కింది..." అంది త్రిపుర.

అంతే. వెనక ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆమెకు తర్వాతి మాట గుర్తురాలేదు.

"ఎక్కిందా?" డక్కీ మీద దరువేశాడు పిచ్చేశ్వరరావు.

ఆమె తంబురాని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఎక్కి పకోడీలు తింటోందా ఏంటి? మాట బయటికి రావట్లేదు!"

హాలు గొల్లుమంది. త్రిపురకి ఒళ్లు మండిపోయింది. ఎంత కోపమంటే, భయపడటానికి తీరిక లేకపోయింది.

"ఛీ, తిండిపోతూ! తండ్రి నడిసముద్రంలో ఉంటే నీకు పకోడీలు గుర్తొస్తున్నాయా?"

"ఆకలేస్తోంది మరి!"

"అయితే నోరు మూసుకుని విను!"

ఇక కథ పరుగందుకుంది. అతను అడ్డం తగలడం, ఆమె దులిపేయడం. సగంలో ఆమెకు ఒక సంగతి తట్టింది. తను ఊపిరి తీసుకునే చోటు చూసుకునే అతను అడుగుతున్నాడు. అడిగిన ప్రతి ప్రశ్నా తర్వాతి మాటను గుర్తుచేస్తోంది. ఓరగా చూసింది. ఆ కళ్లలో వెక్కిరింత లేదు, ఆమె గెలవాలన్న ఆత్రమే ఉంది. ఆమె చెంపలు వేడెక్కాయి.

కూతురు తండ్రిని ఒడ్డుకు చేర్చేసరికి హాలంతా చప్పట్లు.

"అమ్మాయ్, కథకురాలివి నువ్వే" అన్నారు మాస్టారు. తర్వాత అతని వైపు తిరిగారు. "నువ్వూ బాగా చేశావోయ్. ఒక్కటే లోపం. వంత కథకురాలిని 'అక్కా' అనాలి. నువ్వు ఒక్కసారీ అనలేదు. ఏదీ, అను చూద్దాం."

పిచ్చేశ్వరరావు ముఖంలో నవ్వు మాయమైంది. "అదొక్కటీ అడక్కండి సార్."

"అనకపోతే టీములో చోటు లేదు."

"పోనీయండి సార్." మెడలోంచి డక్కీ తీసేశాడు.

వెనక బెంచీల నుంచి ఈలలు మొదలయ్యాయి. అందరి చూపులూ త్రిపుర మీదికి తిరిగాయి. ఆమె పారిపోలేదు. గొంతు సవరించుకుంది.

"ఆయన అలా పిలవద్దు సార్" అంది, ఆఖరి బెంచీ దాకా వినపడేలా. "నాకూ ఇష్టం లేదు."

మాస్టారు నవ్వాపుకుంటూ కళ్లజోడు తీశారు. "మరేమని పిలవాలమ్మా?"

"పేరు పెట్టి పిలవమనండి."

"విన్నావుగా, పిలువు!" అన్నారాయన.

"త్రిపురా" అన్నాడు పిచ్చేశ్వరరావు. ఆ ఈలల హోరులో అది ఎవరికీ వినపడలేదు. ఆమె మాత్రం "ఊఁ" అంది.