పలకలు ఉబ్బిన నావ

"తలుపులు చేసేవారికి నావ సంగతి ఏం తెలుస్తుందండీ?"

సుప్రియ అతనితో అన్న మొదటి మాట అది.

ఉదయ్‌కుమార్ తలుపులు, కిటికీలు చేసే వడ్రంగి. నరసాపురం దిగువన వశిష్ఠ గోదావరి గట్టు మీద బోర్లించి ఉన్న ఆ పాత తెరచాప నావ చుట్టూ తిరిగాడు. నాలుగు వేసవులు ఎండలో పడి ఉందేమో, పలకల మధ్య వేలు పట్టేంత సందులు విచ్చుకున్నాయి. నావలు బాగుచేసే ముసలాయన పోయాక ఆ చుట్టుపక్కల ఉలి పట్టేవాడు అతనొక్కడే.

"తెలుసండి," అన్నాడు.

అది అబద్ధం. రొయ్యల కంపెనీ నుంచి నేరుగా వచ్చిన ఆ అమ్మాయి వేళ్ళు ఐసులో నాని తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. ఆ వేళ్ళతో ఆమె నావ పలకని నిమురుతుంటే, తెలీదని చెప్పడానికి నోరు రాలేదు.

నావ ఆమె తండ్రి బుల్లియ్యది. పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. రెండు నెలలు గడిస్తే గొప్పని డాక్టరు చెప్పేశాడు. తెరచాప ఎత్తి తన నావలో ఒక్కసారి తిరగాలని ఆయన కోరిక. అప్పటికింకా ఎవరైనా పట్టుకుంటే లేచి కూర్చోగలిగేవాడు.

ముందు నావని నీళ్ళలో ముంచి నానబెట్టాలట, నాన్న చెప్పమన్నాడంది సుప్రియ. ఉదయ్ వినిపించుకోలేదు. తలుపులో వెలుతురు కనబడితే వడ్రంగికి చెడ్డపేరు. ప్రతి సందులోనూ చెక్క బద్దలు దిగ్గొట్టి, పైన ఎపాక్సీ జిగురు పట్టించాడు.

సాయంత్రం వచ్చి చూసి ఆమె నవ్వింది. "గడియ కూడా పెడతారా?"

"తాళం కూడా వేస్తానండి. మీరు తప్ప ఎవరూ తియ్యకుండా."

ఆమె తల తిప్పుకుంది గానీ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ నవ్వు అతనికి మూడు రోజులు వచ్చింది.

నీళ్ళలో దించిన మూడో రోజు పొద్దున్న నావ ఫెళ్ళుమంది. తడిసిన పలకలు ఉబ్బాయి. ఉబ్బడానికి అతను చోటు ఉంచలేదు. అవి ఒకదాన్నొకటి నెట్టుకోవడంతో, వాటిని పట్టి ఉంచే వంకర కొయ్యలు రెండు నిలువునా చీలిపోయాయి.

సుప్రియ వానలో నిలబడి చూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

"మొదటిరోజే తెలీదని చెప్పాల్సిందండి."

"చెబితే ఇంకెవరినైనా వెతుక్కునేవారు," అన్నాడు ఉదయ్ నేల చూస్తూ. "రోజూ సాయంత్రం మీరు ఇటు వస్తారు కదా. అందుకే చెప్పలేకపోయాను."

ఆమె చీలిన కొయ్య మీద చెయ్యి పెట్టింది. తర్వాత, "మా నాన్నకి మిగిలినవి రోజులేనండి," అని వెళ్ళిపోయింది.

తొమ్మిది రోజులు ఆమె రాలేదు. ఉదయ్ నావని మళ్ళీ గట్టెక్కించి, టార్పాలిన్ పట్టా కింద కూర్చుని, తను దిగ్గొట్టిన ప్రతి బద్దనీ ఉలితో పెకలించాడు. రోజూ బుల్లియ్య మంచం దగ్గరికి వెళ్ళి, చేతులు కట్టుకుని, తర్వాత ఏం చెయ్యాలని అడిగేవాడు. ఆయన మాట ముద్దగా వచ్చేది. భార్య సుబ్బాయమ్మ విడమరిచి చెప్పేది. వంకర కొయ్యలకి సరిపడే తుమ్మ కొమ్మల కోసం గోదారి లంకలన్నీ తిరిగాడు.

పదోరోజు సుప్రియ వచ్చి ఎదురుగా చతికిలబడింది. సందుల్లో కూరడానికి, నూనెలో, గుగ్గిలంలో ముంచిన దూదిని తాడులా పేని అతనికి అందించసాగింది. పైన వాన పడుతూనే ఉంది.

నెల పట్టింది. ఈలోపు బుల్లియ్య కూర్చోలేని స్థితికి వచ్చాడు.

నావ దించిన రోజు ప్రతి సందూ కారింది. కారాలి; నాని ఉబ్బితే అవే మూసుకుంటాయి. మూడు రోజులు ఆగితే చాలు. ఆ మూడు రోజులు ఆయనకి ఉన్నాయో లేవో ఎవరూ చెప్పలేకపోయారు. బొంత పరిచి ఆయన్ని నావలో పడుకోబెట్టారు.

నీళ్ళు తోడే డబ్బా సుబ్బాయమ్మ చేతిలో ఉంది. ఉదయ్ చెయ్యి చాస్తే ఆమె ఇవ్వలేదు. బాగుచేసిన నావలో తొలిరోజు నీళ్ళు ఇంటి మనిషే తోడాలట, బయటివాళ్ళని ముట్టనివ్వరట.

బుల్లియ్య పెదవి వంకరపోతూ ఏదో అన్నాడు. సుబ్బాయమ్మ వెంటనే విడమర్చలేదు. కూతురి మొహంలోకి చూసింది.

"ఆ అబ్బాయికే ఇమ్మంటున్నాడే, మీ నాన్న."

సుప్రియ తల్లి చేతిలోంచి డబ్బా అందుకుని ఉదయ్‌కి ఇచ్చింది. మొదటిసారి అండీ లేకుండా అడిగింది.

"తోడతావా?"

"తోడతాను."

తెరచాప గాలి పట్టింది. పడుకున్న మనిషికి గోదారి కనబడదు. తెరచాపా, ఆ పైన మబ్బూ, అంతే. ఉదయ్ పాడుచేసిన ఆ నెల ఆయన దగ్గర్నుంచి తీసుకున్నది ఆ గోదారినే. సుప్రియ చుక్కాని పట్టుకుని, ఇదిగో రేవు దాటాం నాన్నా, ఇదిగో కొబ్బరితోటలు అని ఒక్కొక్కటే చెబుతోంది. ఆయన కళ్ళు మూసుకుని వింటున్నాడు.

ఉదయ్ తల ఎత్తలేదు. నీళ్ళు బొంత అంచుని తాకకముందే వంగి ముంచుతున్నాడు, పారబోస్తున్నాడు, మళ్ళీ ముంచుతున్నాడు.