బాలింత ఇంటి ముందు గాలం

మబ్బు సూర్యుడి మీదికి వచ్చింది. ఎర్రచెలిమె ప్రాజెక్టు నీళ్ల మీద అక్కడక్కడా చెదిరి ఉన్న దోనెల్లోని వాళ్లంతా ఒకేసారి రీలు చుట్టడం ఆపారు. ఒకేసారి ఎరల డబ్బా మూత తీశారు. ఆకుపచ్చ రబ్బరు కప్పను విప్పేసి, నల్ల కప్పను కట్టుకున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చూసుకోవలసిన అవసరమూ లేదు. మబ్బు పడితే నల్లది కట్టమని అందరి చెవుల్లోనూ గంగామణి గొంతే చెప్పింది.

గట్టు మీద నిలబడి ఇదంతా చూస్తున్నది కూడా గంగామణే. ఆమె చెవిలో మాత్రం ఏమీ లేదు.

చేదోడు అనే పరికరం రాకముందు ఒక పని నేర్చుకోవాలంటే ఇంకో మనిషి చేత తిట్లు తినాల్సి వచ్చేది. ఇప్పుడా బాధ లేదు. నుదుట చూపుబొట్టు అంటించుకుంటే అది చూస్తుంది. చెవిలో శనగగింజంత చెవిగింజ పెట్టుకుంటే అది చెబుతుంది. తాలింపులో ఆవాలు ఎప్పుడు వెయ్యాలో, పట్టుచీర కుచ్చిళ్లు ఎలా సర్దాలో, పసిపిల్లకు నీళ్లెలా పొయ్యాలో, చెయ్యి కదలకముందే మాట వస్తుంది. ప్రతి పనికీ వెనక ఒక అసలు మనిషి ఉంటారు. ఆ మనిషి చేతులకు నాడితొడుగులు తొడిగి, ఏళ్ల తరబడి ఆ పనే చేయించి, గొంతుతో సహా తీసి దాచుకున్నారు చేదోడు తయారుచేసే సంస్థ వాళ్లు. అలాంటి వాళ్లను మూలగొంతులు అంటారు. పేరు గొప్పగానే ఉంది. ఊట తోడేసిన బావిని కూడా బావి అనే అంటారు కదా.

బద్దదోనెలో కూర్చుని గాలంతో కొరమీను పట్టే పనికి మూలగొంతు గంగామణి. బద్దదోనె అంటే కయాక్‌కు ఇక్కడి వాళ్లు పెట్టుకున్న పేరు. చిక్కుడు బద్దలా సన్నగా, నీటికి జానెడెత్తున ఉంటుంది. లేచి నిలబడితే బోల్తా కొడుతుంది. కాబట్టి కూర్చునే విసరాలి, గాలం కర్ర పొట్టిగా ఉండాలి, చేప లాగినప్పుడు దోనెనే కాస్త దూరం లాక్కుపోనిచ్చి దాన్ని అలవనివ్వాలి. నాచులో చిక్కుకోకుండా గాలం ముళ్లు కడుపులో దాచుకున్న రబ్బరు కప్పే అన్నిటికంటే నమ్మకమైన ఎర. ఇవన్నీ గంగామణి చేతులకు పుట్టుకతో వచ్చినట్టే వచ్చాయి. సంస్థ వాళ్లు ఆమెను ప్రాజెక్టు నుంచి ప్రాజెక్టుకు తిప్పారు. ఎండకో ఎర, వానకో ఎర, ఎదురుగాలికి బరువైనది, నిలకడ నీటికి తేలికైనది వేయించి అంతా తొడుగుల్లోకి ఎక్కించుకున్నారు.

ఆమె సంస్థ పనికి వెళ్లేనాటికి కూతురు రవళి ఇంకా సరిగా మాటలు రాని పిల్ల. చిన్నమ్మ దగ్గర పెరిగింది. పిల్ల ఏడ్చినప్పుడల్లా చిన్నమ్మ చెవిగింజ తెచ్చి దాని చెవిలో పెట్టేది. "ఇగో, మీ అమ్మ మాట్లాడుతున్నది విను" అనేది. పిల్ల ఊరుకునేది. అందులో అమ్మ ఏం మాట్లాడేది? "తంగూసు తడిపి ముడి వెయ్యి బిడ్డా" అనేది. "కప్పను గుంజకు, నడిపియ్యి" అనేది. ఆ మాటలు వింటూనే నిద్రపోయేది రవళి. జోలపాట అంటే అలాగే ఉంటుందని ఆ పిల్ల అనుకుంది, పాపం.

పోయిన నెల సంస్థ వాళ్లు గంగామణికి శాలువా కప్పి ఇంటికి పంపారు. చేదోడు ఇప్పుడు తనంతట తానే నేర్చుకుంటోందట. వేల మంది పట్టిన చేపలను చూసి, ఏ చోట ఏది విసిరితే తప్పకుండా పడుతుందో లెక్క కట్టుకుంటోందట. గొంతు ఎలాగూ దాని దగ్గరే ఉంది. ఇక మనిషితో పనేముంది? ఏకు మేకై కూర్చోవడం అంటే ఇదే.

ఇంటికి వచ్చిన గంగామణికి మిగిలింది ఒక్కటే కోరిక. తన చేత్తో కూతురికి ఒక ఎర అందించి, ఇది వెయ్యి బిడ్డా అనాలి. ఆ పిల్ల వినాలి. ఇద్దరూ ఎక్కే దోనెలో తీసుకుపొమ్మని వారం నుంచి అడుగుతుంటే రవళి ఇవాళ సరేనంది.

"నువ్వు వెనక కూచోమ్మా. తెడ్డు నువ్వెయ్యి" అంది రవళి, దోనెను నీళ్లలోకి నెడుతూ.

"చెవిల అది తీస్తవా బిడ్డా? ఇయ్యాల ఒక్కరోజు."

"ఎందుకు? అండ్ల మాట్లాడేది నువ్వే గద."

 గంగామణి తెడ్డు అందుకుని వెనక కూర్చుంది.

గట్టు దాటాక రవళి గాలం దారానికి, అదే తంగూసుకు, కప్ప కట్టడం మొదలుపెట్టింది. గంగామణి ఉండబట్టలేక ముందుకు వంగింది. "తంగూసు..."

"తడిపి ముడి వెయ్యాలె. ఎండు ముడి గుంజినప్పుడు ఒరుసుకొని తెగుతది. తెలుసమ్మా."

కాసేపు తెడ్డు వేసింది. గాలి తిరిగింది. "దోనె ముక్కు..."

"గాలికి ఎదురు ఉంచాలె. అడ్డం పడితే తుంగలకు కొట్టుకపోతది. తెలుసు."

"గా కప్ప..."

"గుంజొద్దు, నడిపియ్యాలె. ఆకు మీద ఆపి, దమ్ము తీసుకొని, మళ్ల నడిపియ్యాలె. చేప పట్టంగనె కర్ర ఎత్తొద్దు, గుటక మింగనియ్యాలె." రవళి నవ్వింది. వెక్కిరింపు లేదు అందులో. "నువ్వు చెప్పేటియన్ని చెప్పినవమ్మా. ఎప్పుడో చెప్పినవ్."

తన మాటలే, తన యాసలోనే, తను ఆగే చోటనే ఆగుతూ కూతురి నోట వస్తుంటే గంగామణికి కడుపు నిండాల్సింది. నిండలేదు. తన మీద తనకే అసూయ పుట్టడమంటే ఎలా ఉంటుందో ఆ పూట తెలిసింది. ఎవరిని తిట్టుకోవాలి? కూతురిని పెంచిన గొంతూ తనదే, కూతురిని దూరం చేసిన గొంతూ తనదే.

గుర్రపుడెక్క మడుగు దాటి తామరాకుల వైపు తిరిగినప్పుడు ఆమె దాన్ని చూసింది. నీళ్ల మీద తట్టంత మేర ఎసరు సన్నగా మరుగుతున్నట్టు బుడగలు లేస్తున్నాయి. వాటి కింద, కుంకుమ చల్లినట్టు ఎర్రగా, వందల కొద్దీ కొరమీను పిల్లలు. గాలి కోసం పైకి వస్తూ, మునుగుతూ, ఒకే ముద్దగా కదులుతున్నాయి. వాటి అడుగున ఎక్కడో తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఆ రోజుల్లో అవి సరిగా మేత ముట్టవు. పిల్లల దగ్గరికి ఏది వచ్చినా కరిచి తరుముతాయి.

గంగామణి వాళ్ల ఇళ్లలో ఆ చోటును బాలింత ఇల్లు అంటారు. అది కనబడితే గాలం కర్రను దోనెలో తలకిందులుగా పెడతారు. చేత్తో నీళ్లు తీసి కళ్లకద్దుకుంటారు. చప్పుడు కాకుండా వెనక్కి మళ్లుతారు. అక్కడ ఒక్క మాట కూడా మాట్లాడరు. బాలింత ఇంటి ముందు గొంతెత్తకూడదని ఆమె తండ్రి చెప్పాడు, ఆయనకు వాళ్ల నాయన చెప్పాడు.

తొడుగులు తొడిగిన ఆ ఏళ్లలోనూ గంగామణి అలాగే చేసింది. కర్ర కింద పెట్టింది, నోరు మూసుకుంది, మళ్లిపోయింది. ఆమె చేసిన ప్రతి పనినీ తొడుగు పట్టుకుంది గానీ, మానుకున్నదాన్ని పట్టుకోవడం దానికి రాదు. నోరు తెరవలేదు కాబట్టి గొంతుకూ ఎక్కలేదు. అక్కడంతా ఖాళీ సమయం అనుకుని సంస్థ వాళ్లు కోసి అవతల పారేశారు.

ఇప్పుడు ఆమెకు ఆ సంగతి మెరుపులా తట్టింది. భయం వెయ్యలేదు, సంతోషం వేసింది. ఇదొక్కటి ఆ గింజకు తెలియదు. ఇదొక్కటి కూతురికి తనే చెప్పాలి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి బాలింత ఇంటి ముందు నోరు విప్పింది.

"ఆగు బిడ్డా. గటు ఎయ్యకు. అది బాలింత ఇల్లు."

రవళి చెయ్యి ఆగింది. "అంటే?"

గంగామణి గబగబా చెప్పింది. తాత సంగతి చెప్పింది, కర్ర తిప్పి పెట్టడం చెప్పింది, నీళ్లు కళ్లకద్దుకోవడం చూపించింది. "తల్లి చేప పోతె పిల్లలు ఆగమైతయి. పొద్దుగూకె వరకు ఒక్కటి మిగలదు. బాలింత ఇంటికి గాలం పోదు బిడ్డా."

రవళి విన్నది. నిజంగానే విన్నది. మెడ కాస్త వంచి, ఆ ఎర్ర ముద్దను చూస్తూ, పూర్తిగా విన్నది. గంగామణికి ఆ కాసేపూ చాలు అనిపించింది. ఇన్నేళ్లు ఊళ్లు పట్టుకు తిరిగిందంతా ఈ కాసేపటికే అనిపించింది.

అప్పుడు రవళి తల ఇంకోవైపు వంగింది. చెవిగింజ ఉన్న వైపు.

"కానీ అమ్మ ఎయ్యమంటున్నది" అంది.

"నేను వద్దంటున్న గద."

"నువ్వు కాదు." నోరు జారిందని పిల్లకు తెలిసింది. చెంపలు ఎర్రబడ్డాయి. అయినా దిద్దుకోలేదు. చిన్నప్పటి నుంచి ఏ గొంతును అమ్మా అని పిలిచిందో దాన్నే అన్నది, అంతే. "నాకు ఎప్పుడు తప్పు చెప్పలేదమ్మా అది. గిక్కడ పెద్దది పడుతదట. గీ కప్పకే పడుతదట."

కర్ర లేచింది. నల్ల కప్ప ఎర్రపిల్లల ముద్దకు అవతల పడి, ఆకు మీద నుంచి జారి, వాటి మధ్యకు నడిచి వచ్చింది. నీళ్లు పగిలాయి. అదే క్షణంలో రవళి కర్రను బలంగా పైకి లాగింది.

గుటక మింగనియ్యలేదు. ఆగలేదు.

గంగామణి చేతిలో తెడ్డు ఆగిపోయింది. ఆకలితో పట్టిన చేప మింగుతుంది, అందుకే ఆగాలి. కోపంతో కరిచిన చేప మింగదు, కరిచి వదిలేస్తుంది. వెంటనే లాగితేనే గాలానికి చిక్కుతుంది. తను ఏనాడూ అలా లాగలేదు, ఎవరికీ చెప్పలేదు. అంటే అది తల్లి అని ఆ గింజకు తెలుసు. వేల చేపలను చూసి, అన్నిటికంటే తప్పకుండా పడేది పిల్లల తల్లి అని కనిపెట్టింది. కనిపెట్టి, గంగామణి గొంతుతోనే లాగు బిడ్డా అన్నది.

చేప దోనెను తామరాకుల్లోకి లాక్కుపోయింది. రవళి దాన్ని అలవనిచ్చింది, ఒడుపుగా పక్కకు తిప్పింది, చెయ్యి తడుపుకుని దవడ కింద పట్టి పైకి ఎత్తింది. తప్పు పట్టడానికి ఒక్కటీ లేదు. మోచెయ్యంత చేప. రవళి మొహం వెలిగిపోయింది. మెడ వంచి, చెవిలోని మాట విని, సిగ్గుపడుతూ నవ్వింది.

"ఏమన్నదే?" అని అడిగింది గంగామణి.

"శభాష్ నా తల్లీ అన్నది."

ఆ మాట గంగామణికి గుర్తుంది. ఒక గాజు గదిలో, ముందున్న తెర మీద చూసి చదివిన మాట అది. ఇంకొంచెం ప్రేమగా అనండి అని మళ్లీ మళ్లీ చదివించారు. చివరికి కూతురిని తలుచుకుని చదివింది. అప్పుడే బాగా వచ్చిందన్నారు.

ఎర్రపిల్లల ముద్ద చెదిరిపోయింది. కాసేపటికి మళ్లీ కూడుకుని, పెద్ద నీడ కోసం వెతుక్కుంటూ దోనె కిందికి వచ్చింది. గంగామణి తెడ్డు తీసి ఒళ్లో పెట్టుకుంది. తెడ్డు వేస్తే వాటికి తగులుతుంది. కళ్ల నిండా నీళ్లు వచ్చాయి. ముందు కూర్చున్న పిల్లకు వెనక ఏడుపు కనబడదు కదా, తుడుచుకోలేదు.

"తెడ్డెయ్యి అమ్మా, జరంత ఎడమకు" అంది రవళి. "రెండోది గిక్కడనే ఉన్నదట. తండ్రి."

గంగామణి కదలలేదు. ఇంటికి పోదామనవచ్చు. చెవిగింజ పీకి నీళ్లలో పారెయ్యవచ్చు. అప్పుడు ఈ పిల్ల తనను ఎలా చూస్తుందో కూడా తెలుసు. అమ్మను నీళ్లలో పారేసినదాన్ని చూసినట్టు చూస్తుంది.

రవళి డబ్బా తెరిచింది. మబ్బు పలచబడుతోంది. నల్లదో, ఆకుపచ్చదో, వేళ్లు ఒక్క క్షణం తటపటాయించాయి. గింజ ఇంకా ఏమీ చెప్పినట్టు లేదు.

గంగామణి వెనక నుంచి చెయ్యి చాపింది. నల్ల కప్పనే తీసింది. దాని కడుపులోని ముళ్లను బొటనవేలితో సరిచేసి, కూతురి అరచేతిలో పెట్టింది.

"ఇదే వెయ్యి బిడ్డా" అంది. "కరవంగనె లాగు. ఆగకు."

రవళి మెడ వంచి చెవిలోని మాట విన్నది. తర్వాత, దోనె ఎక్కినప్పటి నుంచి మొదటిసారి, పూర్తిగా వెనక్కి తిరిగి తల్లి మొహంలోకి చూసింది.

"ఇద్దరు ఒక్కటే చెప్పిన్రు" అంది మురిసిపోతూ. "ఇప్పుడు నువ్వు అమ్మ లెక్కనే మాట్లాడుతున్నవ్."