తుప్పెక్కని మట్టి

ఆ రోజు పొద్దున తక్కెడ చేతిలో ఉన్నవి ఒక మెటల్ డిటెక్టర్, ఒక పొట్టి పార, పాత వస్తువుల వ్యాపారినని చెప్పే నకిలీ ఐడీ కార్డు. వీటికి తోడు పైసా పెట్టుబడి లేని అనుమానం, కొండంత.

తక్కెడ అతని కోడ్‌నేమ్. దేన్నైనా తూచి చూడందే నమ్మడని గూఢచారి డిపార్ట్‌మెంటు పెట్టిన పేరు. కవర్ కోసం పాతసామాన్ల షాపు నడుపుతూ, సెలవు రోజుల్లో నాణేలు వెతికే క్లబ్బుతో బీళ్లవెంట తిరిగేవాడు. సర్వీసు మొత్తంలో కవర్ షాపు లాభాల్లో ఉన్న ఏజెంటు అతనొక్కడే. అందుకు మెచ్చుకోలు రాలేదు, ఆడిట్ వచ్చింది.

చీఫ్ బ్రీఫింగ్ కారులోనే ఇచ్చాడు. ముప్పై ఏళ్ల కిందట చీఫ్ సొంత అన్న, ఇదే సర్వీసులో ఏజెంటు, విదేశీ ముఠా గుట్టంతా ఉన్న ఫిల్ము పెట్టెతో సహా మాయమయ్యాడు. ముఠా చెరలోనే పోయాడని తరవాత కబురొచ్చింది. పెట్టె మాత్రం రాలేదు. శత్రువుకి అమ్ముకున్నాడన్నారు. ఆ మాటను తమ్ముడు ఇన్నేళ్లూ మోశాడు.

ఇప్పుడు ముఠాలోంచి ఒకావిడ ఇటు తిరిగింది. కోడ్‌నేమ్ ముత్యం. పెట్టెను పాత ఇటుకల బట్టీ వెనక పాతానని అన్న తనకి చెరలో వైద్యం చేసిన డాక్టరుకి చెప్పాడట. ఆ డాక్టరు ముత్యం తండ్రేనట. పెట్టెను తమ్ముడే స్వయంగా తెరవాలన్నది అన్న చివరి కోరికట.

"ఎంత అడిగింది సార్?"

"ఒక పాస్‌పోర్టు. అంతే."

"అంత చవగ్గానా?"

"నీకన్నీ బేరాలేనయ్యా," అన్నాడు చీఫ్.

బట్టీ దగ్గర ముత్యం నల్లకళ్లద్దాలతో ఎదురుచూస్తోంది. తడిమట్టిలో దిగబడుతున్న హైహీల్స్‌ని లెక్కచేయకుండా నడిచి, కూలిన పొగగొట్టం పక్కన నిలబడి చోటు చూపించింది. వెతుకుతున్నట్టు నటించను కూడా లేదు. తక్కెడ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని డిటెక్టర్ పళ్లాన్ని నేలకి ఆనించీ ఆనించకుండా తిప్పాడు. చప్పుడు లేదు, చప్పుడు లేదు, అంతలో ఒక్కసారిగా కీచుమంది. తలుపు తీసినట్టు మొదలై, తలుపు మూసినట్టు ఆగింది.

తవ్వితే మోచేతి లోతులో ఎర్రగా తుప్పెక్కిన పెట్టె. మూతమీద గీసిన అక్షరాన్ని చీఫ్ వేలితో తడిమాడు. అది అన్న చేతిరాతలాగే ఉంది. ల్యాబ్‌కి పంపుదామన్నాడు తక్కెడ. ముప్పై ఏళ్లు ఆగింది చాలన్నాడు చీఫ్. పెట్టెను పసిబిడ్డలా ఎత్తుకుని వాచ్‌మన్ గదిలోకి వెళ్లాడు. ముత్యం సిగరెట్లు కారులో మరిచానంటూ గేటు వైపు నడిచింది. నడక కాస్త త్వరగానే ఉంది.

తవ్విన గుంటను మరోసారి వెతక్కుండా పూడ్చకూడదని క్లబ్బులో నియమం. తక్కెడ అలవాటుకొద్దీ పళ్లాన్ని గుంటలోకి దించాడు.

గుంట మూగగా ఉంది.

తడినేలలో ఏళ్లతరబడి నానిన ఇనుము చుట్టుపక్కల మట్టిని కూడా తుప్పు పట్టిస్తుంది. పొరలు రాలి మట్టిలో కలుస్తాయి. పెట్టె తీసేసినా గుంట సణుగుతూనే ఉండాలి. పిడికెడు మట్టి తీసి చూశాడు. నల్లగా, శుభ్రంగా ఉంది. పెట్టెకి తుప్పు ఎక్కడో పట్టించి, నిన్నో మొన్నో ఇక్కడ పాతారు.

వాకీటాకీ తీశాడు. "సరుకు వాపసు. సరుకు వాపసు."

చేతిలో ఏదుంటే అది వదిలేసి బయటికి రమ్మని దానర్థం. ఆ కోడ్ వింటే చీఫైనా పాటించాల్సిందే.

"వాపసు లేదు," అన్నాడు చీఫ్. "ఇది మా అన్నది."

తక్కెడ పరుగెత్తాడు. గదిలో చీఫ్ బొటనవేలు గొళ్లెం మీద ఉంది. గొళ్లెం సగం లేచి ఉంది.

"గుంటలో తుప్పు లేదు సార్."

వేలు ఆగింది. ఆ నిశ్శబ్దంలో పెట్టెలోంచి సన్నగా టిక్కుమని వినపడింది. ఇద్దరూ గుమ్మం దాటి గోడవారన బోర్లాపడేసరికి గది కప్పు పెంకులతో సహా ఆకాశంలో ఉంది.

గేటు దగ్గర కాపలా ఉన్నవాళ్లు ముత్యాన్ని పట్టుకొచ్చారు. ఏం చూసి కనిపెట్టారని అడిగింది. తక్కెడ చెప్పాడు.

"పెట్టె మీద అంత పనిచేశాం," అందామె చిరాగ్గా. "మట్టి సంగతి ఎవడికీ తట్టలేదు."

చీఫ్ మాత్రం ఇటుకల కుప్ప మీద కూలబడ్డాడు. ప్రాణం దక్కిన మనిషిలా లేడు. "అంటే అన్న మీద మాట అలాగే ఉండిపోయిందన్నమాట."

"ఎలా ఉంటుంది సార్? అసలు సరుకు ఉన్నవాడు నకిలీ చేయించుకుంటాడా? అన్నగారు అమ్మి ఉంటే ఆ పెట్టెనే తెచ్చి పాతేవాళ్లు. ఇన్నేళ్లయినా అది వాళ్ల చేతికి చిక్కలేదు. ఆయన చెప్పలేదు."

చీఫ్ కళ్లద్దాలు తుడుచుకుని, డిటెక్టర్ ఎంతవుతుందని అడిగాడు. తక్కెడ తన షాపులోంచే ఇచ్చాడు, డిస్కౌంట్ లేకుండా.

అన్న ఆఖరిసారి కనపడింది నిజంగానే ఆ చుట్టుపక్కల కాబట్టి, ఇప్పుడు ఆదివారాలు ఇద్దరూ బట్టీ వెనకే ఉంటున్నారు. పెట్టె ఇంకా దొరకలేదు. ఇప్పటికి తేలిన రాబడి ఒక ప్రాణం, ఒక పేరు, బుట్టెడు మేకులు.