కర్పూరం మలుపు

మొగిలి కనుమలో ఆ మలుపు పేరెత్తితే కారు డ్రైవర్లు గొంతు తగ్గించేవాళ్లంట. పాతకార్లు మూడు ఆడనే కాలిపొయినాయి. కొత్త బండ్ల జోలికి పోదంట ఆ దెయ్యం, ముసలి బండ్లనే తింటుందంట... అదేం రుచో మరి.

అందుకే ఎగువెక్కినాక ఆడ ఆపి, బానెట్టెత్తి, ఇంజనుకు కర్పూర హారతి ఇయ్యకుండా ఎవరూ ముందుకు పోరు.

ఆ దెయ్యం మునస్వామేనని అందరూ అనేవాళ్లు. నాలుగేండ్ల కింద ఆడ కాలిపొయిన డ్రైవరు. అంతకు ముందు ఆ దెయ్యానికి ఇంకెవరి పేరో. ఆ మాట చెవినబడితే ఆయన పెండ్లాం అలివేలమ్మకు ఒళ్లు మండిపోయేది. చీమకు కూడా దోవిచ్చి నడిచిన మనిషి, చచ్చినాక మనుషుల్ని కాలుస్తాడా?

ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు, ఒక రాత్రి... కొడుకు దామోదరం తోలే కారులో ఆమె పలమనేరుకు పోతా ఉండాది. కారు వాడిది కాదు, చిత్తూరు చెంగల్రాయుడిది. వాళ్ల నాయనతోబాటు కాలిపొయిందీ ఆయన కారే. ఇదీ దొరల కాలం నాటి బండే, మూలుగుతా కనుమ ఎక్కింది.

మలుపులో వాడు ఆపినాడు. బానెట్టెత్తినాడు. పళ్లెంలో కర్పూరం పెట్టినాడు.

చిమ్మచీకటి... గాలి లేదు...

టప్... టప్...

దామోదరం అగ్గిపెట్టె తీస్తా ఆగినాడు.

"నాయనొచ్చినాడమ్మా," అన్నాడు గుసగుసగా.

అలివేలమ్మ భయపడలేదు. మొగుడే అయితే నాలుగు మాటలు అడగాలనుకునింది. కారు దిగి, ఇంజనులో చప్పుడొచ్చే తావుకు చెయ్యి చాపింది — అరచేతిలో చల్లగా ఒక చుక్క. ఇంకొకటి. ముక్కు కాడ పెట్టుకునింది.

పెట్రోలు.

వాడు పుల్ల గీయబోతా ఉండాడు...

అగ్గిపెట్టె లాక్కొని లోయలోకి విసిరేసింది. వాడు బ్యాటరీ లైటు వేసి చూస్తే, పెట్రోలు పొయ్యే రబ్బరు గొట్టం ఎండి బీటలిచ్చి, కాగిన ఇంజను మీదికి కారతా ఉండాది.

గొట్టం మార్చమని ఓనరుకు చెప్పలేదా అని అడిగింది. మూడుసార్లు చెప్పినానన్నాడు. ఏమన్నాడని అడిగింది.

వాడు తల వంచుకున్నాడు.

"గొట్టమెందుకురా, మలుపు కాడ హారతిస్తే చాలు అని... కర్పూరం పొట్లం చేతిలో పెట్టినాడు. నాయనకూ ఆయనే ఇచ్చేవాడు గదమ్మా."

నాలుగేండ్లు... ఊరంతా మునస్వామిని దెయ్యమంటా ఉంటే, అందరికంటే ముందు తలూపింది ఆ చెంగల్రాయుడే.

"దెయ్యం ఈడ లేదురా," అనింది. "చిత్తూరులో, మేడమీద, ఫ్యాను కింద పండుకోనుండాది."

కొంగు బిగించి రోడ్డు మధ్యన నిలబడింది. లారీ ఒకటి వస్తే చెయ్యెత్తి ఆపింది — పలమనేరుకు పొయ్యేదాన్ని కాదు... వెనక్కి, చిత్తూరుకు దిగేదాన్ని.