కలపమిల్లు గది తలుపు

ఏటి ఒడ్డున పాత కలపమిల్లు ఉంది చూశారూ, దాని మీదున్న గది పేరెత్తితే ఆ ఊళ్ళో రిక్షావాళ్ళు కూడా మాట మార్చేస్తారు. వాన పట్టిన రాత్రి ఆ గది తలుపు మీద గొడ్డలి దెబ్బలు పడతాయట. మిల్లులో కోతపని చేసేవాడొకడు, వరదొచ్చిన ఏడాది, నడిరాత్రి పిచ్చెత్తి గొడ్డలి పట్టుకుని ఇంటింటి తలుపూ నరుక్కుంటూ వెళ్ళాడట... మూడో ఇంటి దగ్గర జనం పట్టుకున్నారు. మాట కూడా పెగలనివ్వకుండా, తల పగిలి రెండయ్యేదాకా దుంగలతో మోది, ఏట్లోకి తోసేశారు.

ఆ గదిలోనే దిగారు వదినా మరదళ్ళిద్దరూ.

వదిన ఆసుపత్రిలో నర్సు. మరదలు దర్జీ. వీపున సంచులు తగిలించుకుని, బస్సుల్లో నిద్రపోతూ, దొరికిన కొళాయి దగ్గర మొహం కడుక్కుంటూ, చవగ్గా ఊళ్ళు చూడాలని బయల్దేరారు. గది చూడగానే మరదలు మొహం ముడుచుకుంది.

"రాత్రి పడుకోడానికే కదే, కాపురం పెట్టడానికా?" అంది వదిన.

తాళంచెవి ఇస్తూ, గది అద్దెకిచ్చే ముసలమ్మ గొంతు తగ్గించింది. "రాత్రి ఎవరు తలుపు కొట్టినా తియ్యకండమ్మా. దెబ్బలు పడినా సరే... గడియ మీద చెయ్యెయ్యొద్దు."

"అందుకా సగం ధరకే ఇచ్చావు!" వదిన నవ్వేసింది.

మరదలికి నవ్వు రాలేదు. బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర సంచిలోంచి తీసి తలగడ కింద పెట్టుకుంది.

పొద్దుగూకగానే మొదలైన వాన ఇక తెరిపివ్వలేదు. రేకుల మీద రాళ్ళు కుమ్మరిస్తున్నట్టు చప్పుడు. వదిన పడుకుందంటే కుంభకర్ణుడికి అక్కే — గురక కూడా పెడుతోంది. మరదలు చీకట్లో కళ్ళు తెరుచుకుని పడుకుంది.

ఎప్పుడు కునుకు పట్టిందో...

ఠాక్!

మంచం అదిరింది. మరదలు దిగ్గున లేచి కూచుంది.

ఠాక్! ... ఠాక్!

"వదినా... వదినా!" అంటూ రెండు చేతులా పట్టి కుదిపేసింది. వదిన కళ్ళు నులుముకుంటూ టార్చి వేసింది.

తలుపు నడిమి పలక చీలింది. చీలికలోంచి గొడ్డలి అంచు మెరిసి, వెనక్కి పోయింది. మళ్ళీ పడింది. చెక్కపేళ్ళు ఎగిరొచ్చి వదిన చెంప కోసేశాయి. ఎన్ని రక్తాలో తుడిచిన మనిషి, తన చెంప మీది రక్తం చూసుకుని ఒక్క క్షణం బిగుసుకుపోయింది.

"మంచం అడ్డం పెట్టవే!" అని మరుక్షణం అరిచింది వదిన.

ఇద్దరూ మంచాన్ని ఈడ్చి తలుపుకి ఆనించారు. దెబ్బ పడ్డప్పుడల్లా మంచంతో పాటు వాళ్ళ ఎముకలూ కదిలాయి. అయిదు... ఆరు... అంతలో —

ఆగిపోయాయి.

వాన హోరు ఒక్కటే మిగిలింది. మరదలి పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. "పోయాడంటావా?" అంది గుసగుసగా.

వదిన నోరు తెరిచేలోపే, పలక చీలికలోంచి ఒక చెయ్యి లోపలికొచ్చింది. నల్లటి చెయ్యి, మోచేతి దాకా తడి. పాములా పాకుతూ గడియ కోసం తడుముతోంది. బయట ఏదో అరుపు — వానలో ఒక్క ముక్క తెలియలేదు.

మరదలు ఆలోచించలేదు. కత్తెర రెండు చేతులా ఎత్తి, బలమంతా పెట్టి ఆ చేతిలో దింపింది. మొన అరచేతిని దూసుకుపోయి తలుపు చెక్కలో దిగబడింది. వేడి రక్తం ఆమె మొహాన చిమ్మింది.

"చచ్చాన్రోయ్!" అని కేక. "అమ్మా... పడవవాణ్ణి! ఏరు పొంగింది! మిల్లు కూలిపోతోంది, రండి!"

అప్పుడు తెలిసింది కాళ్ళకి. నేల ఏటివైపు ఒరిగిపోతోంది. చెక్కల సందుల్లోంచి నీళ్ళు ఎగజిమ్ముతున్నాయి.

వదిన కత్తెర పట్టి ఒక్క ఊపున పెరికింది. మంచం పక్కకి తోసి, గడియ తీసింది. ముగ్గురూ మెట్ల మీంచి పడవలోకి దాదాపు పడిపోయారు. పడవ పది బారలు జరిగిందో లేదో, వెనకాల కొండ విరిగినట్టు చప్పుడైంది. గదీ, మంచమూ, సంచులూ — ఏరు ఒక్క గుక్కలో మింగేసింది.

మరదలు వెక్కివెక్కి ఏడ్చేసింది. "అన్నా... నీ చెయ్యి..."

వదిన చున్నీ చించి ఆ చేతికి గట్టిగా బిగించి కట్టింది. భయం పోయి కోపం వచ్చింది ఆమెకి. "నోటితో చెప్పొచ్చుగా? గొడ్డలేసుకుని అలా మీద పడితే ఎవరైనా పొడుస్తారు!"

పడవవాడు ఎగాదిగా చూశాడు.

"గొడ్డలేంటమ్మా? నా దగ్గర తెడ్డు తప్ప ఏముంది? టార్చి వెలుగు చూసి వచ్చాను. నేను మెట్లెక్కేసరికే తలుపు చీలి ఉంది. ఆ సందులోనే చెయ్యి పెట్టా..."

 ఆ దెబ్బలకి మెలకువ రాకుండా ఇద్దరూ నిద్రలోనే ఉండుంటే... వదిన చెయ్యి కట్టు మీదే ఆగిపోయింది.

అప్పుడు వినిపించింది. ఏటి మలుపు దగ్గర, దీపం లేని ఇంటివైపు నుంచి —

ఠాక్! ... ఠాక్!

పడవవాడి మొహం పాలిపోయింది. తెడ్డు ఎడంచేతికి మార్చుకుని పడవని ఆ చప్పుడుకి దూరంగా తిప్పబోయాడు. మరదలు తెడ్డు పట్టుకుంది.

"అటే పోనియ్యన్నా," అంది. "ఆ ఇంట్లో వాళ్ళు తలుపు తియ్యరు."